హైకోర్టు తీర్పుల ప్రచురణ, ఉల్లేఖన: ఏజెన్సీ సరిహద్దు నుంచి ఒక విమర్శ

పరిచయం

హైకోర్టు తీర్పు న్యాయమూర్తి సంతకంతో పుడుతుంది. మరో కేసులో అది పనికి రావాలంటే మాత్రం ఎవరో ఒకరు దాన్ని వెతికి పట్టుకోవాలి. ఫలానా సంపుటంలో, ఫలానా పుటలో ఉందని చెప్పగలగాలి. ఎదుటి పక్షం న్యాయవాది అదే పుట తెరిచి సరిచూసుకోగలగాలి. ఇవేవీ జరగకపోతే ఆ తీర్పు ఆ కక్షిదారుల మధ్య కాగితంగానే మిగిలిపోతుంది. పూర్వ తీర్పుల ఆధారంగా నడిచే మన న్యాయవ్యవస్థలో ఏ తీర్పును ఎవరు అచ్చు వేస్తారు, దానికి ఏ గుర్తు ఇస్తారు అన్నది చట్టం ఎవరి చేతికి అందుతుందో నిర్ణయించే విషయం. పాఠ్యపుస్తకాలు దీనికి ఒకటి రెండు పేరాలు కేటాయించి వదిలేస్తాయి. ఆ చిన్నచూపు మీదే ఈ వ్యాసానికి అభ్యంతరం.

ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దును ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు వర్తించే ఈ ఏజెన్సీ గ్రామాల్లో తగాదా భూమి మీదైనా, ఉపాధ్యాయ ఉద్యోగం మీదైనా, గనుల లీజు మీదైనా చివరికి ఒక రెగ్యులేషన్‌కో జీవోకో ఉన్నత న్యాయస్థానం చెప్పిన అర్థం దగ్గరికే వస్తుంది. ఆ అర్థం ఇంగ్లీషు సంపుటాల్లో ఉంటుంది. దానికి కట్టుబడవలసిన రైతు, ఉపాధ్యాయుడు, పంచాయతీ సర్పంచి కోయ భాషలోనో తెలుగులోనో మాట్లాడతారు. మధ్యలో ఎన్ని చేతులు మారుతుందో చూద్దాం.

అధికారిక ప్రచురణ అంటే ఏది?

బ్రిటిష్ పాలనలో తీర్పుల సంకలనాలను ప్రైవేటు వ్యక్తులు తమకు తోచినట్లు ప్రచురించేవారు. ఒకే తీర్పు రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించే పరిస్థితి ఉండేది. దీన్ని అదుపు చేయడానికి 1875లో ఇండియన్ లా రిపోర్ట్స్ చట్టం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి కలకత్తా, మద్రాసు, బొంబాయి, అలహాబాదు హైకోర్టులకు వేర్వేరు వరుసలుగా ఐఎల్ఆర్ సంపుటాలు మొదలయ్యాయి. ప్రభుత్వ అధికారంతో అచ్చయిన నివేదిక కాకుండా మరో నివేదికను చూపితే, దాన్ని వినడానికి గానీ తనను బంధించే ప్రమాణంగా స్వీకరించడానికి గానీ ఏ కోర్టూ బద్ధురాలు కాదని ఆ చట్టం మూడో సెక్షన్ చెప్పింది. తర్వాతి సెక్షన్ ఇంకో జాగ్రత్త తీసుకుంది. ఈ చట్టం వల్ల ఏ తీర్పుకూ ఇదివరకు లేని అదనపు బలం రాదని స్పష్టం చేసింది. అంటే తీర్పుకు బలం కోర్టు నుంచి వస్తుంది, పుస్తకం నుంచి రాదు. అధికారిక పుస్తకం చేసే పని నమ్మకమైన పాఠాన్ని అందించడం.

చట్టం ఇలా ఉంటే ఆచరణ మరోలా సాగింది. నేడు జిల్లా కోర్టుకు వెళ్లి ఒక పూట కూర్చుంటే వినిపించే పేర్లు నాగపూర్ నుంచి వెలువడే ఆల్ ఇండియా రిపోర్టర్, లక్నో ప్రచురణ సంస్థ 1969లో ప్రారంభించిన సుప్రీం కోర్ట్ కేసెస్, మన రాష్ట్రాలకు సంబంధించి ఆంధ్రా లా టైమ్స్, ఆంధ్రా లీగల్ డెసిషన్స్, ఆంధ్రా వీక్లీ రిపోర్టర్. ఇవన్నీ ప్రైవేటు ప్రచురణలే. ఐఎల్ఆర్ సంపుటాల మీద దేశమంతటా ఉన్న పాత ఫిర్యాదు ఆలస్యం. వారం వారం, పక్షం పక్షం వచ్చే ప్రైవేటు పత్రికతో ప్రభుత్వ ముద్రణ పోటీ పడలేకపోయింది. కోర్టులు కూడా మూడో సెక్షన్‌ను నిషేధంగా చదవలేదు. బద్ధులం కాకపోయినా వినవచ్చు కదా అన్న వెసులుబాటుతో ప్రైవేటు నివేదికలను స్వీకరిస్తూ వచ్చాయి. నా దృష్టిలో ఇది అవసరం తెచ్చిన మంచి పనే. ప్రైవేటు సంపాదకులు లేకపోతే గత శతాబ్దపు తీర్పుల్లో సగం మనకు దొరికేవి కావు. అయితే దీని ఫలితం ఒకటుంది. ఏ తీర్పు అచ్చుకు అర్హమైనది, దాని సారాంశం ఏమిటి అన్న నిర్ణయాలు ప్రజలకు జవాబుదారీ కాని గదుల్లోకి వెళ్లిపోయాయి.

తీర్పు మొదటి పుటను చూడండి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుల ప్రతులను, తర్వాత తెలంగాణ హైకోర్టు ప్రతులను చదివినవారికి ఒక తంతు తెలిసే ఉంటుంది. చాలా తీర్పుల ముందు పుటలో మూడు ప్రశ్నలు ఉంటాయి. స్థానిక పత్రికల విలేకరులను తీర్పు చూడనివ్వవచ్చా? ప్రతులను లా రిపోర్టర్లకు, జర్నల్స్‌కు పంపవచ్చా? న్యాయమూర్తి శుద్ధ ప్రతిని చూడదలచారా? ప్రతి ప్రశ్నకూ ఎదురుగా అవును, కాదు అనే గుర్తు. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఒక తీర్పు భవిష్యత్తును చాలావరకు నిర్ణయిస్తుంది. 'కాదు' అని పడినంత మాత్రాన తీర్పు విలువ చట్టరీత్యా తగ్గదు. రాజ్యాంగం 215వ అధికరణం ప్రకారం హైకోర్టు రికార్డు కోర్టు, దాని ప్రతి తీర్పూ రికార్డే. కానీ అచ్చుకు వెళ్లని తీర్పు తర్వాతి న్యాయవాది కంటపడే అవకాశం తగ్గిపోతుంది.

అదే పుటలో ఇంకో విశేషం ఉంది. కంప్యూటర్ యుగం తొలినాళ్ల గుర్తుగా పిటిషనర్ పేరు ముందు ఒక చిహ్నం, ప్రతివాది పేరు ముందు ఒక చిహ్నం, న్యాయవాదుల పేర్ల ముందు మరికొన్ని చిహ్నాలు పెడతారు. చివర్లో మూడు శీర్షికలు: సారాంశం, హెడ్‌నోట్, ప్రస్తావించిన కేసులు. మూడోది సాధారణంగా నిండుగా ఉంటుంది. మొదటి రెండూ చాలా తీర్పుల్లో ఖాళీ. అధికారిక సారాంశానికి చోటు కేటాయించి, దాన్ని నింపకుండా వదిలేయడమన్నమాట. ఆ ఖాళీని నింపేది ప్రైవేటు పత్రిక సంపాదకుడు. అతని నాలుగు వాక్యాలే తర్వాత వాదనల్లో, గైడు పుస్తకాల్లో, పోటీ పరీక్షల నోట్సులో తిరుగుతాయి.

హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదన్నది బాగా స్థిరపడిన సూత్రం. అయినా జిల్లాల్లో హెడ్‌నోట్ చదివి వాదించేవారే ఎక్కువ. వారిని తప్పుపట్టడం తేలిక. వంద పుటల తీర్పును ఒక రాత్రిలో చదివి, ఉదయం వాయిదాకు సిద్ధం కావలసిన యువ న్యాయవాదికి వేరే దారి ఎవరు చూపారు?

ఉల్లేఖనను చదవడం

కోర్టులో సైటేషన్ అని పిలిచే ఉల్లేఖన ఒక చిరునామా లాంటిది. 'ఏఐఆర్ 1997 ఎస్‌సి 3297' అంటే ఆల్ ఇండియా రిపోర్టర్, 1997వ సంవత్సరం, సుప్రీంకోర్టు విభాగం, 3297వ పుట. అదే తీర్పుకు మరో చిరునామా '(1997) 8 ఎస్‌సిసి 191'. ఇక్కడ 8 అనేది ఆ ఏడాది వచ్చిన సంపుటాల్లో ఎనిమిదోది. ఇల్లు ఒకటే, వీధి పేర్లు రెండు. రెండు సంపుటాలూ ఉన్న గ్రంథాలయం దగ్గరలో ఉంటే ఇబ్బంది లేదు. ఒకటే ఉంటే రెండో చిరునామాతో వచ్చిన వాదనను అప్పటికప్పుడు సరిచూసుకోలేరు.

విభాగం పేరు కూడా జాగ్రత్తగా చూడాలి. 'ఏఐఆర్ 1955 ఆంధ్ర 87' అనే ప్రసిద్ధ ఫుల్ బెంచ్ తీర్పును చాలామంది 'ఏఐఆర్ 1955 ఏపీ 87' అని రాస్తారు. 1955లో ఆంధ్రప్రదేశ్ అనే రాష్ట్రమే లేదు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, గుంటూరులో దాని హైకోర్టు ఉండేవి. ఈ చిన్న పొరపాటు వల్ల కేసు ఓడిపోరు. కానీ ఆ తీర్పు చెప్పిన విషయమే ఏ కోర్టు ఏ కోర్టుకు వారసురాలు అన్నది కాబట్టి, దాని పేరులోనే ఆ తేడా చెరిగిపోవడం కాస్త విడ్డూరంగా ఉంటుంది. ఆ తీర్పు దగ్గరికి మళ్లీ వస్తాను.

సమత కేసు: సారాంశం దాచేది

పైన చెప్పిన 1997 తీర్పు 'సమత వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం'. విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతంలోని గనుల లీజుల మీద స్వచ్ఛంద సంస్థ సమత వేసిన కేసు అది. అక్కడ వర్తించిన చట్టం 1959 నాటి ఒకటో నంబరు షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్. 1963లో దాన్ని తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు కూడా వర్తింపజేశారు. 1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని మరింత కఠినం చేసింది. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనుడు అమ్మినా గిరిజనేతరుడు అమ్మినా, కొనేవారు గిరిజనులో, కేవలం గిరిజనులతో ఏర్పడిన సహకార సంఘమో కాకపోతే ఆ బదలాయింపు చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని, వేరుగా రుజువయ్యేదాకా, భావించాలని కూడా ఆ సవరణ చెప్పింది. దీని రాజ్యాంగబద్ధతను సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో సమర్థించింది.

సమతలో తేలవలసిన ప్రశ్న ఒక్క పదం మీద ఆధారపడింది. రెగ్యులేషన్‌లో 'వ్యక్తి' చేసే బదలాయింపు చెల్లదని ఉంది. ప్రభుత్వం కూడా ఆ 'వ్యక్తి' కిందికి వస్తుందా? వస్తే ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకు ఇవ్వడం కుదరదు. 1990లో హైదరాబాద్ అబ్రేసివ్స్ కేసులో (ఏఐఆర్ 1990 ఏపీ 257) హైకోర్టు ధర్మాసనం అలాంటి లీజులకు నిషేధం వర్తిస్తుందని చెప్పింది. 1995లో సమత రిట్ పిటిషన్‌ను కొట్టివేసిన అదే హైకోర్టు మరో ధర్మాసనం అందుకు భిన్నమైన అభిప్రాయానికి వచ్చింది. ఒకే హైకోర్టు, సమాన సంఖ్య గల రెండు ధర్మాసనాలు, ఒకే చట్టం, రెండు అర్థాలు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరి భిన్నాభిప్రాయంతో, ప్రభుత్వం కూడా ఆ పదం పరిధిలోకి వస్తుందని తేల్చింది.

ఇప్పుడు ఒక విద్యార్థి కోణం నుంచి ఆలోచించండి. 1990కీ 1997కీ మధ్య ఏజెన్సీ గ్రామంలో ఎవరైనా చట్టం ఏమిటని అడిగితే ఏ సంపుటం చేతికి దొరికితే ఆ జవాబు వచ్చేది. 1990 సంపుటాన్ని తెరిచినవారికి ఒకటి, 1995 తీర్పు ప్రతి దొరికినవారికి మరొకటి. సమాన ధర్మాసనాలు విభేదించినప్పుడు విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించాలన్న క్రమశిక్షణ ఎందుకు అవసరమో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తోచదు.

సమత తర్వాత కథ అక్కడితో ఆగలేదు. 2001 డిసెంబరులో బాల్కో ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు సమత మెజారిటీ అభిప్రాయం మీద తనకు గట్టి సందేహాలు ఉన్నాయని వ్యాఖ్యానించింది. దీన్ని పట్టుకొని 'సమత బలహీనపడింది' అని నోట్సు రాసుకునేవారు ఉన్నారు. బాల్కో తీర్పును పూర్తిగా చదివితే ఇంకో విషయం తెలుస్తుంది. సమత ఆంధ్రప్రదేశ్ రెగ్యులేషన్ పదాలకు చెప్పిన అర్థమని, ఛత్తీస్‌గఢ్‌లో వర్తించే చట్టం వేరని, కాబట్టి ఇక్కడ సమత వర్తించదని ఆ కోర్టు చెప్పింది. సందేహం వ్యాఖ్య, తేడా చూపడం నిర్ణయం. ఈ రెండింటినీ వేరు చేయడమే నిర్ణయాధారాన్ని, ప్రాసంగిక వ్యాఖ్యను వేరు చేయడం. భద్రాచలం, పాల్వంచ, చింతూరు ఏజెన్సీల్లో అమల్లో ఉన్నది సమత వ్యాఖ్యానించిన రెగ్యులేషనే. అక్కడ బాల్కోను చూపి సమతను పక్కన పెట్టమనడం, తీర్పును కాకుండా దాని గురించి ఎవరో రాసిన వాక్యాన్ని ఉల్లేఖించడమే.

జీవో 3: అచ్చయిన సంపుటానికి తెలియని సంగతి

ఈ ప్రాంతపు విద్యార్థులకు ఇంతకంటే దగ్గరి విషయం ఉపాధ్యాయ నియామకాలు. 2000 జనవరి 10న జారీ అయిన జీవో ఎంఎస్ నంబరు 3 షెడ్యూల్డు ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక షెడ్యూల్డు తెగల అభ్యర్థులకే కేటాయించింది. అంతకుముందు 1986లో ఇదే దారిలో ఒక జీవో వచ్చి వివాదాల్లో చిక్కుకుంది. జీవో 3ను సవాలు చేసినప్పుడు హైకోర్టు ముగ్గురు సభ్యుల ధర్మాసనం 2001లో ఇద్దరి మెజారిటీతో దాన్ని సమర్థించింది. అప్పీలు సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నిలిచింది. 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవో చెల్లదని ప్రకటించింది.

మధ్యలో గడిచినవి దాదాపు పంతొమ్మిదేళ్లు. అంతకాలం 2001 హైకోర్టు తీర్పే ఈ ప్రాంతానికి చట్టం. ఆ తీర్పును అచ్చు వేసిన సంపుటం గ్రంథాలయ అలమరలో ఇప్పటికీ అలాగే ఉంటుంది. పై కోర్టు దాన్ని రద్దు చేసిందన్న సంగతి ఆ పుటకు తెలియదు. అచ్చు పుస్తకం మీద ఆధారపడిన ఉల్లేఖన పద్ధతిలో ఇది పెద్ద లోపం. తీర్పు తర్వాతి చరిత్రను వేరే సూచికలో వెతకాలి. ఆ సూచిక కొనే స్తోమత పెద్ద నగరపు కార్యాలయాలకు ఉంటుంది. 'తీర్పు దొరికింది' అనుకున్న చోట ఆగకుండా 'ఇది ఇప్పటికీ నిలిచి ఉందా' అని అడగడం ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్యమైన అలవాటు.

2020 తీర్పు ప్రచారమైన తీరు ఇంకా ఆలోచింపజేస్తుంది. అవి లాక్‌డౌన్ రోజులు. కార్యాలయాలు, గ్రంథాలయాలు మూసి ఉన్నాయి. 'ఏజెన్సీలో నూరు శాతం రిజర్వేషన్ రద్దు' అన్న శీర్షిక ఊరూరా తిరిగింది. ఆ శీర్షిక అబద్ధం కాదు. కానీ తీర్పు చివర ఉపశమనం గురించిన భాగాన్ని చదివితే అప్పటికే నియమితులైన వారి ఉద్యోగాలను కోర్టు కాపాడిందని తెలుస్తుంది. వారి తప్పేమీ లేదని, అయితే రెండు రాష్ట్రాలూ ఇలాంటి ప్రయత్నం మళ్లీ చేసి పరిమితి మీరితే ఈ రక్షణ ఉండదని షరతు పెట్టింది. రెండు రాష్ట్రాలకూ కలిపి అయిదు లక్షల రూపాయల ఖర్చులు విధించింది. అప్పటికి పదేళ్లుగా, పదిహేనేళ్లుగా చర్ల, దుమ్ముగూడెం పాఠశాలల్లో పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయురాలికి తీర్పులో అన్నిటికంటే ముఖ్యమైన పేరా అదే. అది శీర్షికలోకి రాలేదు. వారాల తరబడి తమ ఉద్యోగం ఉందో ఊడిందో తెలియక కలవరపడినవారితో నేను ఫోనులో మాట్లాడాను. వారికి కావలసింది ఓదార్పు కాదు, ఆ పేరా.

ఈ తీర్పులోనే షెడ్యూల్డు తెగల జాబితాల సమీక్ష గురించి, ప్రయోజనాలు అందరికీ చేరకపోవడం గురించి వ్యాఖ్యలు ఉన్నాయి. కోర్టు ముందున్న ప్రశ్నలు గవర్నర్‌కు ఐదో షెడ్యూలు కింద ఉన్న అధికార పరిధి, ప్రాథమిక హక్కులతో దాని సంబంధం, 371డి అధికరణంతో దాని పొత్తు వంటివి. జాబితాల సమీక్ష ఆ ప్రశ్నల్లో లేదు. అయినా పోటీ పరీక్షల నోట్సుల్లో ఆ వ్యాఖ్య తీర్పు సారంగా చోటు సంపాదించుకుంది. తీర్పుతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. నాకు వ్యక్తిగతంగా, స్థానిక భాష తెలిసిన ఉపాధ్యాయుడి అవసరాన్ని ఆ ధర్మాసనం తగినంత బరువుతో తూచలేదనిపిస్తుంది. విభేదించే ముందు ఏది నిర్ణయమో ఏది వ్యాఖ్యో తేల్చుకోవాలి. అందుకు పూర్తి పాఠం కావాలి.

నదికి అటూ ఇటూ

ఇప్పుడు 1955 ఫుల్ బెంచ్ దగ్గరికి వద్దాం. భద్రాచలం తాలూకా 1874లో సెంట్రల్ ప్రావిన్సుల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. అక్కడి వ్యాజ్యాలకు మద్రాసు హైకోర్టు పెద్ద కోర్టు. 1954 జూలై 5 నుంచి గుంటూరులోని ఆంధ్ర హైకోర్టు. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాదు. 1959లో తాలూకా తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. నదికి ఇవతల కొత్తగూడెం, పాల్వంచ మాత్రం నిజాం రాజ్యంలో భాగం. ఆ హైకోర్టు వ్యవహారం చాలాకాలం ఉర్దూలో నడిచింది. వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లాను 1953 అక్టోబరు 1న ఏర్పాటు చేశారు. కాబట్టి గోదావరికి ఇరువైపులా ఉన్న కోయ గూడేలు ఒకే అడవిలో ఉంటూ రెండు న్యాయ వారసత్వాల కింద బతికాయి.

ఆంధ్ర హైకోర్టు ఏర్పడగానే, మద్రాసు హైకోర్టు పాత తీర్పులు తనను బంధిస్తాయా అన్న ప్రశ్న ఎదురైంది. సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచ్, విభజన తేదీకి ముందు వెలువడిన మద్రాసు తీర్పులు ఆంధ్ర హైకోర్టుకు శిరోధార్యమేనని చెప్పింది. ఇది తెలివైన నిర్ణయం. లేకపోతే దశాబ్దాల తరబడి ఆ చట్టాన్ని నమ్ముకొని కాగితాలు రాసుకున్నవారి పరిస్థితి రాత్రికి రాత్రే మారిపోయేది.

ఇదే ప్రశ్న మన కాలంలో తిరిగి వచ్చింది. 2014లో రాష్ట్ర విభజన జరిగింది. అదే ఏడాది పునర్విభజన చట్టానికి సవరణ చేసి పోలవరం ముంపు ప్రాంతమైన కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను, బూర్గంపహాడ్‌లో కొంత భాగాన్ని, భద్రాచలం పట్టణాన్ని మినహాయించి ఆ మండలాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పట్టణం తెలంగాణలో ఉంది, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2019 జనవరి 1 వరకు రెండు రాష్ట్రాలకూ ఒకే హైకోర్టు కాబట్టి తేడా కనబడలేదు. ఆ రోజు నుంచి హైకోర్టులు వేరయ్యాయి. ఇప్పుడు అమరావతి తీర్పు ఎటపాకలో కట్టడి చేస్తుంది, భద్రాచలంలో సలహాగా మాత్రమే పనికి వస్తుంది. హైదరాబాదు తీర్పు సంగతి దీనికి తలకిందులు. 1959 రెగ్యులేషన్ రెండు చోట్లా ఉంది. రేపు రెండు హైకోర్టులు దాని ఒక సెక్షన్‌కు రెండు అర్థాలు చెబితే, నడిచి వెళ్లేంత దూరంలో చట్టం మారిపోతుంది.

అందుకే ఈ ప్రాంతంలో ఉల్లేఖన చూడగానే అందులోని కోర్టు పేరును, తేదీని కలిపి చదవాలి. 'ఏపీ' అన్న రెండక్షరాలకు 2014కు ముందు ఒక అర్థం, 2019 తర్వాత మరొక అర్థం. మధ్య కాలపు తీర్పులు ఏఐఆర్‌లో 'హైదరాబాద్' పేరుతో కనిపిస్తాయి.

పేరా సంఖ్య ఎవరి సొత్తు?

ఉల్లేఖనలో పుట సంఖ్య తర్వాత ఎక్కువగా వాడేది పేరా సంఖ్య. ఇది ఒక వింత వివాదానికి దారితీసింది. సుప్రీం కోర్ట్ కేసెస్ ప్రచురణకర్తలు తమ సంపాదకత్వపు కృషిని ఇతరులు సీడీల్లో వాడుకున్నారని వేసిన కేసులో 2007 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు మూల పాఠం ప్రజలందరిదీ, దాని మీద కాపీరైటు లేదు. కానీ సంపాదకుడు తన నైపుణ్యంతో పేరాలు విడదీసి సంఖ్యలు వేయడం, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించారో సూచించడం వంటి చేర్పులకు రక్షణ ఉంది. న్యాయ దృష్టితో చూస్తే తీర్పు సమంజసమే. పాఠకుడి వైపు నుంచి చూస్తే ఇబ్బంది కనబడుతుంది. కోర్టు మాటలు అందరివీ అయినా వాటిని చూపించే వేలు ఒక సంస్థదయింది.

దీనికి విరుగుడుగా వచ్చినదే తటస్థ ఉల్లేఖన. 2023లో సుప్రీంకోర్టు ప్రతి తీర్పుకూ సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సి అన్న సంకేతం, వరుస సంఖ్య ఇచ్చే పద్ధతి తెచ్చింది. హైకోర్టులు కూడా సంవత్సరం, కోర్టు సంకేతం, వరుస సంఖ్య క్రమంలో ఇదే దారి పట్టాయి. అదే ఏడాది జనవరిలో దాదాపు 34 వేల సుప్రీంకోర్టు తీర్పులను అధికారిక నివేదికల రూపంలోనే ఉచితంగా ఇచ్చే ఈ-ఎస్‌సిఆర్ మొదలైంది. హైకోర్టు తీర్పులకు ఈ-కోర్టుల శోధన పోర్టల్ ఉంది. కేసు నంబరు, పక్షాల పేర్లు, న్యాయమూర్తి పేరు, తేదీ, ఏదో ఒక పదం ఇచ్చి వెతకవచ్చు. 1875 చట్టం ఆశించిన నమ్మకమైన పాఠం ఇన్నాళ్లకు ఫోను తెర మీదికి వచ్చిందన్నమాట.

నేను దీన్ని హృదయపూర్వకంగా ఆహ్వానిస్తాను, ఒక అనుమానంతో. సంఖ్య అన్ని తీర్పులకూ సమానంగా పడుతుంది. ఏది ముఖ్యమో అది చెప్పదు. వాయిదా కోరిన రెండు వాక్యాల ఉత్తర్వుకూ, ఒక రెగ్యులేషన్ అర్థాన్ని మార్చిన తీర్పుకూ ఒకే వరుస. ఏరి, సారం రాసే పని ఇంకా మిగిలే ఉంది. ఆ పని కోర్టు పర్యవేక్షణలో జరగకపోతే మళ్లీ అదే ప్రైవేటు గదులకు వెళుతుంది.

తెలుగులో తీర్పు

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు తీర్పుల భాష ఇంగ్లీషు. రాష్ట్రపతి సమ్మతితో గవర్నర్ మరో భాషను విచారణలకు అనుమతించినా, ఆ వెసులుబాటు తీర్పులకు వర్తించదు. ఈ నేపథ్యంలో 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం సికింద్రాబాదు మాచబొల్లారం భూవివాదంలో తెలుగులో తీర్పు వెలువరించడం చిన్న విషయం కాదు. కక్షిదారులకు తెలియాలన్నదే ఉద్దేశం. దానితోపాటు ఇంగ్లీషు ప్రతినీ ఇచ్చారు.

సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటి కింద ఒక గమనిక ఉంటుంది. కక్షిదారు తన భాషలో అర్థం చేసుకోవడానికే ఈ అనువాదమని, ఇతర ప్రయోజనాలకు వాడరాదని, అధికారిక వ్యవహారాలన్నిటికీ ఇంగ్లీషు ప్రతే ప్రమాణమని. అంటే చదవడానికి తెలుగు, ఉల్లేఖించడానికి ఇంగ్లీషు. చట్ట భాషలో పదం అటూ ఇటూ అయితే ఫలితం మారుతుంది కాబట్టి ఈ జాగ్రత్తను అర్థం చేసుకోగలను. సమత కేసు మొత్తం 'వ్యక్తి' అన్న ఒక్క పదం మీద తిరిగిందని పైన చూశాం. అనువాదకుడు అక్కడ 'మనిషి' అని రాస్తే ప్రభుత్వం తప్పించుకుపోతుంది.

అయినా షెడ్యూల్డు ప్రాంతాల నుంచి వచ్చిన కేసుల విషయంలో ఇంతకంటే ఎక్కువ అడగడం అత్యాశ కాదు. మొదటి పుటలో ఖాళీగా వదిలేస్తున్న హెడ్‌నోట్ గడి ఎలాగూ ఉంది. ఏజెన్సీ భూమి, ఉద్యోగం, అటవీ హక్కులకు సంబంధించిన తీర్పుల్లో ఆ గడిని కోర్టు రిజిస్ట్రీ తెలుగులో నింపవచ్చు. ఏ ప్రశ్న అడిగారు, ఏం తేల్చారు, ఎవరికి ఏ రక్షణ మిగిలింది, ఇంతకుముందు ఏ తీర్పు రద్దయింది అన్నవి ఒక్క పుటలో ఇమిడిపోతాయి. తటస్థ ఉల్లేఖన సంఖ్యతో కలిపి ఆ పుటను భద్రాచలం ఐటీడీఏ కార్యాలయానికి, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టుకు, గ్రామ పంచాయతీలకు పంపడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. 348వ అధికరణం అడ్డు రాదు, ఎందుకంటే హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదని కోర్టులే చెబుతూ వచ్చాయి.

ఈ పాఠం చదివాక పోర్టల్‌లో చేబ్రోలు లీలాప్రసాదరావు తీర్పును తెరవండి. ముందు చివరి పేరాలు, తర్వాత కోర్టు వేసుకున్న ప్రశ్నలు, ఆ తర్వాతే మిగిలిన భాగం చదవండి. ఉపశమనం గురించిన పేరాను మీ మాటల్లో తెలుగులో రాసి, మీ మండలంలో 2020కి ముందు నియమితులైన ఒక ఉపాధ్యాయుడికో ఉపాధ్యాయురాలికో చదివి వినిపించండి. వారు అడిగే మొదటి ప్రశ్నను రాసుకొని కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.